అమ్మ ఫోన్‌లో నలుగురి ఫోటోలు, రెండు గడియారాలు పెట్టాలి. ఎలా?

కోరుట్ల కొడుకు:

అందరికీ నమస్తే. నేను దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌ని. మా అమ్మ కోరుట్ల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. 64 ఏళ్లు. నిరుడు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. చదువు రాదు గానీ అంకెలు బాగా వచ్చు. నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టేటప్పుడు లెక్కలో ఆమెను ఎవరూ ఏమార్చలేరు.

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు నేను వాడిన సామ్‌సంగ్ ఫోన్ ఇచ్చి వచ్చాను. మొదటి స్క్రీన్ మీద నాది, అక్కది, పక్కింటి పెద్దమ్మది, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్‌ది కాంటాక్టులు పెట్టాను. ముట్టుకుంటే కాల్ పోదు. నంబరు, మెసేజ్ గుర్తు, వీడియో గుర్తు అన్నీ ఉన్న పేజీ వస్తుంది. అమ్మ అక్కడే ఆగిపోతుంది. పదిహేను రోజులు గడిచాక వాటిలో రెండు మాయమయ్యాయి. "నేనేం చేయలే బిడ్డా, వేలు పెట్టిన, అది వణికి పక్కకు పోయింది" అంటుంది.

రెండోది టైం సంగతి. నా ఇండియా సిమ్ ఇక్కడ రోమింగ్‌లో ఉంది. అమ్మ దానికి మిస్డ్ కాల్ ఇస్తే నేను తిరిగి చేస్తాను. అమ్మ పొద్దున 4:30కే లేస్తుంది, అప్పుడు ఇక్కడ 3 గంటలు. ఒకట్రెండుసార్లు నేను నిద్రలో మాట్లాడేసరికి, అప్పటి నుంచి "పండుకున్నవేమో" అని చేయడమే తగ్గించింది. పోయిన నెల జ్వరంతో రెండు రోజులు పడుకుంది. నాకు మూడో రోజు అక్క చెబితే తెలిసింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

నాకు కావలసింది ఇంతే: ఫోటో ముట్టుకుంటే నేరుగా కాల్ పోవాలి. మన టైం, దుబాయ్ టైం రెండూ పెద్ద అంకెల్లో కనిపించాలి. అమ్మ ఎంత గట్టిగా నొక్కినా ఏదీ కదలకూడదు. ఆదివారం అక్క నిజామాబాద్ నుంచి ఊరికి వెళ్తుంది. వీడియో కాల్‌లో నేను చెబుతుంటే ఆమె చేస్తుంది.

తెలుగు టీచరమ్మ:

తమ్ముడూ, మీరు పెట్టినది కాంటాక్ట్ షార్ట్‌కట్. అది ఆ మనిషి పేజీ తెరుస్తుంది, అంతే. మీకు కావలసినది డైరెక్ట్ డయల్ విడ్జెట్. విడ్జెట్ అంటే యాప్ తెరవకుండానే హోమ్ స్క్రీన్ మీదే పని చేసే చిన్న గడి; దీన్ని ముట్టుకుంటే నేరుగా కాల్ పోతుంది. హోమ్ స్క్రీన్ మీద ఖాళీ చోట వేలు నొక్కి పట్టుకుంటే కింద విడ్జెట్లు అని వస్తుంది. అందులో కాంటాక్ట్స్ కింద డైరెక్ట్ డయల్ ఉంటుంది. డైరెక్ట్ మెసేజ్ కూడా పక్కనే ఉంటుంది, పొరపాటున అది పెట్టకండి. మా అత్తగారి ఫోన్‌లో నేను మొదట అదే పెట్టాను, ఆవిడ వారం రోజులు ఖాళీ మెసేజ్ పేజీ చూస్తూ కూర్చున్నారు.

ముందు కాంటాక్ట్‌లో ఫోటో పెట్టి, సేవ్ చేసి, ఆ తర్వాతే విడ్జెట్ పెట్టండి. ఫోటో ముఖం మాత్రమే నిండుగా ఉండాలి. పెళ్లిలో నిలబడి దిగిన ఫోటో పెడితే ఆ చిన్న గడిలో ఎవరో తెలియదు. విడ్జెట్ ఒక్క నంబర్‌కే కట్టుబడి ఉంటుంది. మీరు నంబర్ మారిస్తే పాతది తీసేసి మళ్లీ కొత్తది పెట్టాలి.

ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయా? ఉంటే సెట్టింగ్స్‌లో కాల్స్‌కి ఒక సిమ్‌ని ఖాయం చేయండి. "ప్రతిసారీ అడుగు" అని వదిలేస్తే ఫోటో ముట్టుకోగానే ఏ సిమ్ అని అడుగుతుంది. అమ్మ మళ్లీ అక్కడ ఆగిపోతుంది.

మెట్‌పల్లి సెల్ షాపు:

అన్నా, మాది మీ పక్క ఊరే. బీడీలు చుట్టే అమ్మలు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్ల కష్టం నాకు తెలుసు. తునికాకు పట్టీ పట్టీ వేళ్ల కొసలు ఎండి గట్టిపడతాయి. స్క్రీన్‌కి అలాంటి వేలు సరిగా అందదు. అందలేదని వాళ్లు ఇంకా గట్టిగా, ఇంకా సేపు నొక్కుతారు. సేపు నొక్కితే ఫోన్ దాన్ని "ఇది కదిలించాలి" అని అర్థం చేసుకుంటుంది. అమ్మ చెప్పిన వణకడం అదే. మీ అమ్మ తప్పేం లేదు.

మూడు పనులు చేయండి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద ఈజీ మోడ్ ఉంటుంది, అది ఆన్ చేయండి. బొమ్మలు, అక్షరాలు పెద్దవి అవుతాయి, నొక్కి పట్టుకునే సమయం కూడా 1.5 సెకన్లకు పెరుగుతుంది. ఈజీ మోడ్‌లో హోమ్ స్క్రీన్ అమరిక వేరు, అందుకే ముందు అది ఆన్ చేసి తర్వాతే విడ్జెట్లు పెట్టాలి. లేదంటే చేసిన పని మళ్లీ చేయాలి. అన్నీ పెట్టాక హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ లాక్ చేయండి. ఇక అమ్మ నిమిషం సేపు నొక్కినా ఏదీ కదలదు. మూడోది, ఫోన్ మీద మందం గ్లాసు ఉంటే తీయించండి, లేదంటే డిస్‌ప్లేలోనే టచ్ సెన్సిటివిటీ ఆన్ చేయండి. వేలు ఒకసారి తడి గుడ్డకు తుడుచుకుని ముట్టుకోమని చెప్పండి, తేడా మీకే తెలుస్తుంది.

వేరే కంపెనీ ఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో చూడండి. నొక్కి పట్టుకునే సమయం చిన్నది, మధ్యస్థం, పెద్దది అని ఉంటుంది. పెద్దది పెట్టండి.

ప్లే స్టోర్ నుంచి పెద్దవాళ్ల లాంచర్ (హోమ్ స్క్రీన్‌నే మార్చేసే యాప్) అని ఏదో ఒకటి దింపకండి. ఉచితంగా వచ్చేవాటిలో చాలావాటికి యాడ్స్ ఉంటాయి. అమ్మ దేన్ని నొక్కుతుందో మనకు తెలియదు.

గోదారి కోడలు:

గడియారం గురించి నేను చెబుతాను అన్నయ్యా, మా ఆయన మస్కట్‌లో ఉంటారు. మీ ఫోన్ క్లాక్ విడ్జెట్లలో డ్యూయల్ క్లాక్ ఉంటుంది. ఒకటి మన టైం, రెండోదానికి దుబాయ్ ఎంచుకోండి. గంటన్నర తేడా అదే చూపిస్తుంది. అమ్మకు ఊరి పేరు చదవడం రాదు కాబట్టి ఏది ఎవరిదో మొదటి రోజే గట్టిగా చెప్పండి. మా అత్తయ్యకి "మొదటిది ఇల్లు, రెండోది అబ్బాయి" అని చెప్పాం. ఇప్పటిదాకా మరిచిపోలేదు.

ఫోన్‌తో పాటు వచ్చిన గడియారమే పెట్టండి. నేను మొదట అందంగా ఉందని బయటి నుంచి వాతావరణం, టైం కలిపి చూపే విడ్జెట్ దింపాను. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ని ఆపేసింది, అది పాత టైం దగ్గరే నిలిచిపోయింది. అత్తయ్య దాన్ని నమ్మి మధ్యాహ్నం మాత్ర ఆలస్యంగా వేసుకున్నారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మామూలుగా విడ్జెట్‌ని ఫోన్ అరగంటకు ఒకసారి కంటే ముందు తాజా చేయదట. వాతావరణానికి అది చాలు, మాత్రల టైంకి చాలదు. మాత్రలకు అలారమే పెట్టండి.

ఇంకొకటి, వెనక మనవరాలి ఫోటో వాల్‌పేపర్‌గా పెట్టకండి. ముఖాల మీద ముఖాలు పడి ఆపరేషన్ అయిన కంటికి ఏదీ తెలియదు. నల్లటి వాల్‌పేపర్ పెట్టండి. మనవరాలి ఫోటో రెండో స్క్రీన్ మీద విడిగా పెట్టుకోవచ్చు.

కోరుట్ల కొడుకు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. సెల్ షాపు అన్నా, వేళ్ల గురించి మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ చేతులు చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఈ సంగతి నాకు తట్టలేదు.

ఇంకో అనుమానం. లాక్ స్క్రీన్ మీదే ఈ ఫోటోలు పెట్టలేమా? ప్యాటర్న్ గీయడం కూడా అమ్మకు కష్టంగా ఉంది.

మెట్‌పల్లి సెల్ షాపు:

డైరెక్ట్ డయల్ అక్కడ పెట్టుకోవడం మీ ఫోన్‌లో కుదరదు అన్నా. 2012లో ఆండ్రాయిడ్ 4.2 వచ్చినప్పుడు లాక్ స్క్రీన్ మీద కూడా విడ్జెట్లు పెట్టుకునే వీలు ఇచ్చారు, 2014లో 5.0తో తీసేశారు. అమ్మ ఫోన్‌లో బ్యాంకు యాప్, ఫోన్‌పే లాంటివి లేకపోతే ప్యాటర్న్ తీసేసి స్వైప్ మాత్రం ఉంచండి. ఉంటే మాత్రం తీయకండి. వేలిముద్ర పెడదామంటే ఆ వేళ్లకు అది కూడా పట్టదు, నేను చాలామందికి ప్రయత్నించాను.

కోరుట్ల కొడుకు:

ఆదివారం పని అయిపోయింది. డబ్బుల యాప్‌లు ఏవీ లేవు కాబట్టి ప్యాటర్న్ తీసేశాం. ఈజీ మోడ్ ముందు, తర్వాత డైరెక్ట్ డయల్ నాలుగు, వాటి పైన డ్యూయల్ క్లాక్, చివరికి లాక్. సిమ్ సంగతి టీచరమ్మ చెప్పకపోతే అక్కడే చిక్కుకునేవాళ్లం, ఫోన్‌లో నిజంగానే రెండు సిమ్‌లున్నాయి. అక్క ఫోటోలో గాగుల్స్ ఉంటే అమ్మ గుర్తుపట్టలేదు, అప్పటికప్పుడు గుమ్మం దగ్గర నిలబెట్టి కొత్తది తీశాం. అమ్మతో ఒక్కొక్కరికి పదిసార్లు చేయించాం. డాక్టర్‌కి మాత్రం ముందే చెప్పి రెండుసార్లే చేశాం.

నిన్న సాయంత్రం మిస్డ్ కాల్ వచ్చింది. కంగారుగా తిరిగి చేశాను. "ఏం లేదు బిడ్డా. మాకు ఎనిమిదిన్నర, నీకు ఏడే అయింది. ఇంకా తిని ఉండవని చేసిన" అంది.

పెద్దమ్మ ఫోటో కొంచెం మసకగా ఉంది. వచ్చే ఆదివారం అక్క వెళ్లినప్పుడు మార్పిస్తాను.