చోరీ అయిన ఆల్టో బదులు లక్షన్నరలో ఏ బండి తీసుకోవాలి?

హైదరాబాద్‌లో ఇంటి ముందు పెట్టిన పాత ఆల్టో పోయింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే కాబట్టి క్లెయిమ్ రాదు. ఎఫ్‌ఐఆర్ అయింది. ఆ నంబరు మీద బదిలీ జరక్కుండా దాని కాపీతో ఆర్టీఏలో కూడా రాసిచ్చాం. రోజూ ఆస్పత్రికి తిప్పాల్సిన పెద్దవాళ్లున్నారు, బండి త్వరగా కావాలి.

లక్షన్నరలో రెండు దొరికాయి. 2013 ఆల్టో 800 ఇంజిన్‌లో వాల్వులను సరైన సమయానికి ఆడించేది టైమింగ్ బెల్టు, దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు లేదు. తెగితే ఖర్చు ఎక్కువే కావచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కాసేపు నీలం పొగ వచ్చి ఆగుతోంది, అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టుంది. ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు లేదు, అంటే కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయి ఉండకపోవచ్చు. మరి ఆయిల్ దిగేది పైన వాల్వ్ సీళ్ల నుంచా, పిస్టన్ రింగుల నుంచా? సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే సరిపోతుందా, సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడాలా?

2012 వేగనార్ 1.0కి బెల్టు బదులు టైమింగ్ చైన్, ఇంజిన్ సాఫీగా నడుస్తోంది. కానీ ఆర్‌సీలో ఫైనాన్స్ ఇంకా ఉంది. లోను తీరిందంటున్నాడు ఓనరు. బ్యాంకు ఎన్‌ఓసీ (బాకీ లేదనే పత్రం), ఆర్‌సీలో ఫైనాన్స్ తీసేయించే ఫారం 35 చూశాకే ఓనరు పేరు మార్చే ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించి డబ్బివ్వాలనుకుంటున్నాం. ఎన్‌ఓసీ పాతదైతే కొత్తది తెప్పించాలా? 2027లో 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చే బండికి ఎంత తగ్గించి అడగొచ్చు?