గైడుకు తెలిసినవారే పరీక్షకులైతే తప్పేమిటి?

నాగావళి:
మా విభాగంలో ఈ నెల ఒక పీహెచ్‌డీ వైవా (సిద్ధాంత గ్రంథంపై మౌఖిక పరీక్ష) జరిగింది. వచ్చిన బయటి పరీక్షకుడూ, ఆ విద్యార్థి గైడూ ఒకే గురువు శిష్యులు. కిందటేడు ఆయన విద్యార్థికి ఈయన పరీక్షకుడు, ఈ ఏడు ఈయన విద్యార్థికి ఆయన. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం గైడు కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులుండాలి, వారు ఆ సంస్థ ఉద్యోగులు కాకూడదు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని అది ఎక్కడ ఆపుతుంది? చాలాచోట్ల పేర్ల జాబితా ఇచ్చేదే గైడు. ప్రతి పేరు పక్కన ‘వీరు నాకు ఎలా తెలుసు’ అని ఆయన చేత రాయించాలి. బంధువు, గురువు, శిష్యుడు, కలిసి వ్యాసాలు రాసినవారు అయితే ఆ పేరు తీసేయాలి.

వంశధార:
ఒకే సదస్సులకు వెళ్తాం, ఒకే పత్రికల్లో రాస్తాం. ఒకరికొకరం తెలియకుండా ఎలా ఉంటాం? మీ లెక్కన నా జాబితాలో ఒక్క పేరూ మిగలదు. ఆరేళ్ల కిందట కలిసి ఒక వ్యాసం రాస్తే ఆయన నిజాయితీ పోయినట్టేనా?

తోటపల్లి:
ముందు రిటైరైనవారి సంగతి తేల్చండి. మార్చిలో ఇక్కడే ఉద్యోగ విరమణ చేసినవారు ఏప్రిల్‌లో ‘బయటివారు’ అవుతారా?

నాగావళి:
వంశధార గారూ, ఆరేళ్ల కిందటి వ్యాసం దగ్గరే ఆగిపోయారు. నేను అడిగింది ఏటేటా సాగే బదులు తీర్చుకోవడం గురించి.

బొబ్బిలివీణ:
మా అన్నయ్య వైవాకు విశాఖ స్టేషన్ నుంచి కారు, హోటల్ గది, పాతికమందికి భోజనాలు, శాలువాలు అన్నీ మేమే పెట్టుకున్నాం. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. పరీక్షకుడు ఎవరి మనిషైతేనేం, ఈ ఖర్చు ఎవరు పెట్టాలో అడగండి.

కొత్త పరిశోధకుడు:
మా గైడు గారు పరీక్షకుల పేర్లు నన్నే రాసి తెమ్మన్నారు. రాయవచ్చా?

తోటపల్లి:
రిటైరైనవారి గురించి ఎవరూ చెప్పలేదు.

వంశధార:
నాగావళి గారూ, పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాను. గైడులందరినీ దొంగల్లా సంతకాలు పెట్టమంటున్నారు. మీ వైవాకు ఎవరు వచ్చారో చెప్పండి. అంత కడిగిన ముత్యమా మీ పట్టా?

నాగావళి:
అడిగారు కాబట్టి చెబుతాను. మా గైడు గారి స్నేహితులే వచ్చారు. పావుగంటలో ముగిసింది. రెండే ప్రశ్నలు, రెండూ పీఠికలోవే. అందరూ భోజనాలకు లేచాక పరీక్షకుడు బల్ల మీద వదిలేసిన నా సిద్ధాంత గ్రంథం ప్రతి తెరిచాను. బైండింగు బంక అంటుకుని 142, 143 పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో విడదీశాను. మెళియాపుట్టి వైపు పల్లెల్లో మూడు వానాకాలాలు మడిగట్ల మీద నిలబడి రాసుకున్న ఊడ్పు పాటలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఎవరైనా నన్ను డాక్టర్ అని పిలిస్తే ఇప్పటికీ ఆ పేజీలే కళ్లముందు కదులుతాయి. తప్పులు పట్టి తిప్పి పంపినా ఓర్చుకునేదాన్ని. ఆయన చదవలేదు.

వంశధార:
అమ్మా, అలా అడిగి ఉండకూడదు. మన్నించండి. నా గాయం కూడా చెబుతాను. సీతంపేట వైపు సవర కుర్రాడు నా దగ్గర తన భాష మీదే పరిశోధన చేశాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని బొత్తిగా పరిచయం లేనివారి పేర్లు ఇచ్చాను. ఒకాయన ‘తెలుగు మాండలికంగా దీన్ని వివరించలేదు’ అని తిరస్కరించారు. సవర తెలుగు మాండలికం కాదు, ముండా కుటుంబపు భాష. గిడుగు రామమూర్తి గారి సవర వ్యాకరణం 1931లోనే అచ్చయింది! రెండో నివేదిక బాగుంది కాబట్టి మరో పరీక్షకుడికి పంపారు. ఆరు నెలల్లో ముగియవలసింది రెండేళ్లు పట్టింది. ఈలోగా అతను దరఖాస్తు చేయవలసిన ఉద్యోగం గడువు దాటిపోయింది. అప్పటినుంచి నాకు తెలిసినవారినే పిలుస్తున్నాను.

నాగావళి:
మాస్టారూ, ఆ కుర్రాడిని దెబ్బ తీసింది ఆయనకు సవర తెలియకపోవడం. మీతో పరిచయం లేకపోవడం కాదు. ‘నా పాత విద్యార్థే, కానీ సవర వచ్చినవారు’ అని జాబితా మీద రాసి సంతకం పెట్టండి.

వంశధార:
రాస్తే మొదట కొట్టేసేది ఆ పేరే. ‘తీసేయాలి’ అన్నది మీరే.

నాగావళి:
అన్నాను. ఒకరి విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటాను. రెండోవారు మాత్రం మీకు ఏమీ కానివారై ఉండాలి.

వంశధార:
ఆ రెండోవారికి సవర రాకపోతే? మళ్లీ రెండేళ్లా?

నాగావళి:
అలాంటప్పుడు ఆ నివేదికకు విద్యార్థి లిఖితపూర్వకంగా జవాబిచ్చే అవకాశం ఉండాలి. మూడోవారికి పంపేటప్పుడు ఆ జవాబు కూడా జతచేయాలి.

వంశధార:
అది జరిగితే నేను సంతకం పెడతాను. కొత్త పరిశోధకుడు గారూ, మిమ్మల్ని మరిచిపోయాం. ఆ పేర్లు రాసి ఇవ్వకండి. రేపు ఎవరైనా నిలదీస్తే ఆ కాగితం మీద ఉండేది మీ దస్తూరీ, మీ గైడుది కాదు.