499కే 2 టీబీ పెన్‌డ్రైవ్ అంటే నాన్న కొనేశారు, పెళ్లి వీడియోలు వెనక్కి వస్తాయా?

ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి ప్లీజ్. మా నాన్న ఫోన్‌లో యాడ్ చూసి 499కే 2 టీబీ పెన్‌డ్రైవ్ అని క్యాష్ ఆన్ డెలివరీ పెట్టేశారు, నాకు చెప్తే వద్దంటానని చెప్పలేదు. ల్యాప్‌టాప్‌కి పెడితే నిజంగానే 2 టీబీ చూపించింది, ఇంకేముంది, అక్క పెళ్లి వీడియోలన్నీ అందులోకి ఎక్కించి ల్యాప్‌టాప్‌లోంచి తీసేశారు. ఇప్పుడు పెళ్లికూతుర్ని చేసిన వరకే ప్లే అవుతున్నాయి, జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి ఫైల్ పేరు, సైజు కనిపిస్తాయి కానీ ఓపెన్ కావు. లోపల చిన్న చిప్ పెట్టి దాన్ని నడిపే కంట్రోలర్‌లో సైజు నంబర్ మార్చి పెద్దగా చూపిస్తారట, అది నిండాక రాసిందంతా గంగలో కలిసినట్టే.

2016లో ఫ్రీడమ్ 251 అని 251 రూపాయల ఫోన్ వచ్చినప్పుడు, శాంపిల్ మీద వైట్‌నర్ గీకితే కింద వేరే బ్రాండ్ పేరుందని చదివి పగలబడి నవ్విన మనిషే ఈయన!

ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్కే, ఎస్ఎస్‌డీ కాదు, డిలీట్ చేసి నాలుగు రోజులైంది, ఆఫ్ చేసి పక్కన పెట్టా. రెకువా లాంటి, డిలీట్ అయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏమైనా ట్రై చేయనా, గెలక్కుండా రికవరీ షాపుకి ఇవ్వనా? అసలు సైజు ఎంతో పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ చెక్ చేయమంటున్నారు, అది ఖాళీ జాగా అంతా రాసేస్తుందని ఆగాను. ఇంకోటి, కంప్లైంట్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కా, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కా?