సలాడ్‌తో చప్పన, కారంతో మంట: తప్పు వైన్‌దా, వంటదా?

ప్రశ్న:
ఓక్ చెక్క పీపా తగలని సోవిన్యాన్ బ్లాంక్ (అదే పేరున్న ద్రాక్షతో చేసే వైట్ వైన్), 13% ఆల్కహాల్. ఒకే సీసాతో భోజనం మొత్తం సాగాలి. వెనిగర్ డ్రెస్సింగ్ సలాడ్, మేకపాల చీజ్, నిమ్మకాయ పిండిన వేపుడు చేప, బాగా కారం పట్టించిన రొయ్యలు. చేపతో, చీజ్‌తో అద్భుతంగా ఉంది. సలాడ్ తిన్నాక మాత్రం నీళ్లు తాగినట్టుంది. రొయ్యలతో నోరు భగ్గుమంటోంది. ఏం మార్చాలి?

1వ జవాబు:
వైన్‌ని ఏమీ అనకండి. తిండి పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పబడుతుంది. ఇలాంటి వైన్‌లో లీటరుకి 6–8 గ్రాముల ఆమ్లం ఉంటుంది, 5% వెనిగర్‌లో దాదాపు 50 గ్రాములు. నూనె 3 వంతులకి వెనిగర్ 1 వంతు అనే మామూలు లెక్క ఇక్కడ పనికిరాదు, 5కి 1 చెయ్యండి. వెనిగర్ బదులు నిమ్మరసమైతే ఇంకా మేలు. దాని పులుపేం తక్కువ కాదు గానీ, ముక్కుకెక్కే ఘాటు ఉండదు. చిటికెడు ఉప్పు ఎక్కువ పడినా పర్లేదు, ఉప్పు వైన్ పులుపుని మెత్తబరుస్తుంది.

రొయ్యల సంగతి వేరు. ఆల్కహాల్ కారాన్ని రెచ్చగొడుతుంది. సీసా ఎంత చల్లగా ఉన్నా ఆ ఊరట గుటక సేపే. కారం తగ్గించడం ఇష్టం లేకపోతే ఆ ఒక్క వంటకానికీ కాస్త తీపి మిగిలిన మోజెల్ రీస్లింగ్ కాబినెట్ (జర్మనీ తేలికపాటి వైట్ వైన్) తెరవండి, ఆల్కహాల్ 8–9% దగ్గర ఉంటుంది.

2వ జవాబు:
చీజ్‌తో కుదరడం యాదృచ్ఛికం కాదు. ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కన ఇదే సోవిన్యాన్ ద్రాక్షతో చేసే సాన్సేర్ వైన్, క్రోటాన్ ద షావిన్యోల్ అనే మేకపాల చీజ్ ఒకే కొండల్లో పుట్టాయి. చీజ్‌లోని ఉప్పదనం, పుల్లదనం వైన్‌కి జోడీ, నాలుకకి అంటుకున్న కొవ్వుని వైన్ కడిగేస్తుంది. వేపుడు చేప జిడ్డుకీ అదే మందు. నీలి బూజు చీజ్ మాత్రం పెట్టకండి, దాని ఘాటు ముందు ఈ వైన్ నిలవదు.

పచ్చి ఆయిస్టర్లయితే సోవిన్యాన్ కంటే మస్కడే అనే ఫ్రెంచ్ వైట్ వైన్ నయం. పులిసిన ఈస్ట్ మడ్డి మీదే చలికాలమంతా ఉంచుతారు కాబట్టి పులుపుకి తోడు కొంచెం నిండుదనం వస్తుంది. క్రీమ్ సాస్ చేపకి షాబ్లీ, అదీ ఫ్రెంచ్ వైట్ వైనే. ఆస్పరాగస్, క్యాప్సికం లాంటి పచ్చివాసన కూరగాయలకి సోవిన్యానే, క్యాప్సికంలో ఆ పచ్చివాసననిచ్చే పైరజీన్లనే పదార్థాలే ఈ ద్రాక్షలోనూ ఉన్నాయి.

అడిగినవారు:
చేప మీదికి ఇదే వైన్‌తో సాస్ చేస్తే?

3వ జవాబు:
చెయ్యొచ్చు, కానీ మరిగించడం దగ్గరే చాలామంది చెడగొడతారు. ఆల్కహాల్, నీరు ఆవిరైపోతాయి, పులుపు మాత్రం గిన్నెలోనే ఉంటుంది. 200 మి.లీ. పోసి సగానికి మరిగిస్తే పులుపు చిక్కదనం రెట్టింపు. పావు వంతుకి దింపితే చింతపండు రసమే! సగం దగ్గర ఆపి, పొయ్యి మీంచి దించాక 50–60 గ్రాముల చల్లటి వెన్న ముక్కముక్కగా వేసి గిలక్కొట్టండి. సెగ మీద ఉండగా వేస్తే వెన్న విరిగి నూనె తేలుతుంది. నిమ్మకాయ ఇంక పిండకండి.

ఇంకోటి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పొయ్యకండి. 4 డిగ్రీల దగ్గర వాసన ముడుచుకుపోయి పులుపొక్కటే తెలుస్తుంది. 15 నిమిషాలు బయట పెట్టి, 8–10 డిగ్రీలకి వచ్చాక గ్లాసులో మూడోవంతే పొయ్యండి, నిండా పోస్తే తాగేలోపు వెచ్చబడుతుంది.