‘తువ్వాలు’లో త, ‘టవల్’లో ట: చెవి చేసిన తేడానా?

ప్రశ్న:
ఇంగ్లిషువాళ్లు ‘టీ’ అనేటప్పుడు నాలుకను మనలా వెనక్కి మడవరు. పై పళ్ల వెనక చిగురుకు తాకిస్తారు, అంతే. మరి మనకది ‘తీ’ అని కాక ‘టీ’ అని ఎందుకు వినిపించింది? టికెట్టు, డాక్టరు, హోటలు, అన్నీ ట, డ లే!

జవాబు:
బాగా పట్టుకున్నారండీ. ఆ ధ్వని మన త కన్నా వెనక, ట కన్నా ముందు పుడుతుంది. ఆ మధ్య ధ్వనికి తెలుగులో అక్షరం లేదు, తెలుగు చెవిలో లెక్కా లేదు. త అనిపించుకోవాలంటే నాలుక పళ్లను అంటాలి. ఇది అంటదు కనుక ట లో జమ చేశాం. పైగా పళ్ల దగ్గర పుట్టే ధ్వని వాళ్లకు వేరే ఉంది, ‘థాంక్స్’ మొదట్లోది. దంత్యాల చోటు దానికి దక్కింది. (అందులో ఆ వత్తు మాత్రం మనం తగిలించినదే. స్పెల్లింగులోని హెచ్ చలవ కావచ్చు.)

వాళ్ల ఇబ్బంది దీనికి తలకిందులు. ‘పాట’, ‘పాత’ అని ఎన్నిసార్లు పలికినా చాలామందికి ఒకే మాటలా వినిపిస్తాయి. అది చెవి లోపం కాదు. కెనడాలో వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఇంగ్లిషు ఇళ్లలో పెరుగుతున్న పిల్లలు 6-8 నెలల వయసులో హిందీ త, ట ల తేడాను పసిగట్టారు. 10-12 నెలల పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. ఇంట్లో అవసరపడని తేడాను ఏడాది నిండేలోపే పట్టించుకోవడం మానేస్తారన్నమాట.

ఇంకొకరు:
దీనికి మన నిఘంటువులోనే సాక్ష్యం ఉంది. పోర్చుగీసువాళ్ల త నిజంగా దంత్యం. వాళ్ల నుంచి వచ్చిన మాటలు చూడండి: తువ్వాలు, బొత్తాము. అవే వస్తువులు ఇంగ్లిషు దారిన మళ్లీ వస్తే టవల్, బటన్ అయ్యాయి. రెండు సార్లూ విన్నది తెలుగువాళ్లే! కాబట్టి మనం తోచినట్టు రాసుకోలేదు, వినిపించినదానికి దగ్గరిదే ఎంచుకున్నాం.

అడిగినవారు:
బొత్తాము సంగతి తెలియనే తెలియదు, ధన్యవాదాలు. అయితే ‘తాంక్స్’ అని రాస్తే తప్పు లేదంటారా?

జవాబు:
పలుకుబడికి అదే దగ్గర. నేనూ ఒకసారి అలాగే రాశాను. మా అమ్మాయి వెంటనే వత్తు పెట్టి తిరిగి పంపింది.