బ్లాక్ పౌడర్ కార్ట్రిడ్జ్ రైఫిల్: తూటాలు సొంతంగా నింపుకుంటూ మొదలుపెట్టేవారు దేనిపై దృష్టి పెట్టాలి?

తొలిగురి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమెరికాలో జరిగే బ్లాక్ పౌడర్ కార్ట్రిడ్జ్ రైఫిల్ సిల్హౌట్ పోటీని (పాతకాలపు తుపాకీమందు నింపిన తూటాలతో, జంతువుల ఆకారంలోని ఉక్కు పలకలను పడగొట్టే పోటీ) ఈమధ్య దగ్గరగా చూసే అవకాశం కలిగింది. పంతొమ్మిదో శతాబ్దపు నమూనా సింగిల్ షాట్ రైఫిల్‌తో, సీసపు బుల్లెట్‌తో, 500 మీటర్ల దూరంలో నిలబెట్టిన ఉక్కు పొట్టేలును పడగొట్టడం చూసిన తరువాత ఈ విద్యను పద్ధతిగా నేర్చుకోవాలన్న కోరిక బలపడింది. స్మోక్‌లెస్ పౌడర్‌తో (పొగ తక్కువగా వచ్చే నేటి మందు) ఆధునిక రైఫిల్ తూటాలను నేనే నింపుకుంటాను కనుక ప్రెస్, డైలు (తూటా ఇత్తడి గుల్లను, అంటే కేసును, మలిచే అచ్చులు), తూకం వంటి వాటి వాడకం తెలుసు.

అయితే చదివే కొద్దీ సలహాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కేసులో మందును గట్టిగా అదమాలని కొందరు, అదిమితే పాడవుతుందని కొందరు అంటున్నారు. ప్రతి షాట్ తరువాత బారెల్ తుడవాలని కొందరు, తుడవకుండా గొట్టంతో ఊపిరి ఊదితే చాలని కొందరు రాశారు. ఏ క్యాలిబర్ (బారెల్ లోపలి వ్యాసం) తీసుకోవాలి, ఇప్పుడున్న పరికరాలకు తోడుగా ఏమేమి కొనాలి, బుల్లెట్లను మొదటి నుంచీ నేనే పోత పోసుకోవాలా, అసలు ఈ విరుద్ధమైన సలహాల మధ్య దేన్ని పట్టుకుని ముందుకు వెళ్ళాలి అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సీసం-తగరం

తొలిగురి గారూ, మీరు చదివిన సలహాలలో చాలావరకు నిజాలే. అవి వేర్వేరు మందులకు, వేర్వేరు వాతావరణాలకు సంబంధించినవి కావడం వల్లే పరస్పరం విరుద్ధంగా కనిపిస్తున్నాయి. వాటన్నిటి వెనుక ఉన్న కారణం ఒక్కటే, అది మసి. స్మోక్‌లెస్ పౌడర్ దాదాపు పూర్తిగా వాయువుగా మారిపోతుంది. బ్లాక్ పౌడర్ అలా కాదు, కాలిన మందు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో కొంత పొగగా బయటికి పోగా తక్కినది బారెల్ లోపల పేరుకుంటుంది. ఆ మసి మెత్తగా, చెమ్మగా ఉన్నంతకాలం తరువాతి బుల్లెట్ దాన్ని తోసుకుంటూ వెళ్ళిపోతుంది. ఎండి గట్టిపడితే మాత్రం మెత్తని సీసపు బుల్లెట్ ఆకారం చెడి, గురి చెదురుతుంది. పదో షాట్ నాటికి బారెల్ ఏ స్థితిలో ఉండాలని మీరు కోరుకుంటున్నారో ముందు నిర్ణయించుకోండి. కేసులో పోసే మందు, బుల్లెట్ చుట్టూ ఉండే గాడులలో నింపే లూబ్ (కందెన), తుడిచే పద్ధతి అన్నీ ఆ లక్ష్యానికి అనుగుణంగా కుదురుతాయి.

ఇక మీకున్న స్మోక్‌లెస్ అలవాట్లలో రెండింటిని పూర్తిగా పక్కన పెట్టాలి. మొదటిది, కేసులో ఖాళీ ఉండవచ్చన్న భావన. బ్లాక్ పౌడర్‌కు, బుల్లెట్ అడుగుకు మధ్య గాలి సందు ఉండకూడదు. సందు ఉంటే చాంబర్ (బారెల్ వెనుక తూటా కూర్చునే చోటు) గోడ కంకణంలా ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. రెండవది, రెండు రకాల మందును ఒకే బల్లపై పక్కపక్కన పెట్టుకోవడం. బ్లాక్ పౌడర్ పట్టే కేసును అదే ఘనపరిమాణంలో స్మోక్‌లెస్‌తో నింపితే ఆ రైఫిల్ పేలిపోతుంది, దాని వెనుక ఉన్న మనిషికి ప్రాణాపాయం. అందువల్ల బల్లపై ఎప్పుడూ ఒక్క డబ్బా మాత్రమే ఉండాలి. బ్లాక్ పౌడర్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఆ గదిలో మంట, సిగరెట్, వేడి పొయ్యి ఏవీ ఉండరాదు. మందు కొలిచే పరికరం కూడా బ్లాక్ పౌడర్ కోసమే తయారైనది కావాలి.

నింపే క్రమాన్ని క్లుప్తంగా చెబుతాను. తూచిన మందును రెండడుగులు, అంతకన్నా కొంచెం పొడవున్న సన్నని ఇత్తడి గొట్టం గుండా కేసులోకి నెమ్మదిగా జారవిడవాలి. అలా పడిన పలుకులు దగ్గరగా సర్దుకుంటాయి కనుక అదే కేసులో ఎక్కువ మందు, ప్రతిసారీ ఒకే రీతిలో పడుతుంది. దానిపై దళసరి కాగితపు గుజ్జుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పలుచని వాడ్ (బిళ్ళ) పెట్టాలి. మందును అదమవలసి వస్తే ఆ పనికి ప్రత్యేకమైన కంప్రెషన్ డై వాడండి. బుల్లెట్‌తోనే అదిమితే మెత్తని సీసం నొక్కుకుపోయి, మీరు శ్రద్ధగా ఎంచుకున్న బుల్లెట్ కేసులోనే వికారమవుతుంది. ఆపైన బుల్లెట్‌ను చేతివేళ్ళ ఒత్తిడితోనో, అతి తేలికైన పట్టుతోనో కూర్చోబెట్టవచ్చు. ఈ రైఫిళ్ళలో తూటాలు మ్యాగజైన్ గుండా రావు కనుక బలమైన పట్టు అవసరం లేదు. బుల్లెట్ ముందు భాగం రైఫ్లింగ్ (బుల్లెట్‌ను తిప్పే, బారెల్ లోపలి మెలి గాడులు) మొదలయ్యే చోటును తాకేటంత పొడవుగా తూటా ఉంటే సాధారణంగా మంచి ఫలితం వస్తుంది.

పాత పరికరాలకు తోడుగా కొనవలసినవి పెద్దగా లేవు: జారవిడిచే గొట్టం, కంప్రెషన్ డై, కేసు మూతిని కొద్దిగా వెడల్పు చేసే డై, బ్లాక్ పౌడర్‌కు తగిన కొలత పాత్ర. డబ్బు మిగిలితే దాన్ని మంచి సైట్ల (గురి చూసే సాధనాల) మీద పెట్టండి.

పొట్టేలు-500

పై సమాధానంతో ఏకీభవిస్తూనే క్యాలిబర్, పోటీ గురించి నా వంతు చెబుతాను. మొదటి రైఫిల్‌కు .45-70 తీసుకోండి, రెండో ఆలోచన అక్కరలేదు. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన తూటా ఇది. 45 అన్నది క్యాలిబర్, 70 అన్నది గ్రెయిన్లలో మందు బరువు. దీనికి కేసులు, డైలు, బుల్లెట్ అచ్చులు తేలికగా దొరుకుతాయి. నేటి కేసుల గోడలు, అడుగు అప్పటికన్నా దళసరిగా ఉంటాయి కనుక పూర్తి 70 గ్రెయిన్లు పట్టించాలంటే గట్టిగా అదమవలసి వస్తుంది. చాలామంది 60కి పైబడిన గ్రెయిన్లతోనే పోటీలు గెలుస్తున్నారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు కనుక ఒక పౌండు మందుతో వంద తూటాలకు కొంచెం పైగా వస్తాయని లెక్క వేసుకోవచ్చు.

.40-65 గురించి కూడా మీరు చదివే ఉంటారు. తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి నెట్టే దెబ్బ) తక్కువ, రోజంతా కాల్చినా భుజం అలసిపోదు, కేసులను .45-70 ఇత్తడి నుంచే మలచుకోవచ్చు. అయితే 500 మీటర్ల పొట్టేలు చాలా బరువైన ఉక్కు పలక. తగిలితే చాలదు, అది పడాలి. తేలికైన బుల్లెట్ సరైన చోట తగిలినా ఒక్కోసారి అది ఊగి నిలబడిపోతుంది. .45 క్యాలిబర్‌లో 500 గ్రెయిన్లకు పైబడిన బుల్లెట్‌తో ఆ బెంగ తక్కువ. అంత పొడవైన బుల్లెట్‌ను నిలకడగా తిప్పడానికి 18 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న రైఫ్లింగ్ అనువైనది. కొనేముందు ఈ సంగతి తప్పక అడగండి. పాత సైనిక రైఫిళ్ళలో చుట్టు ఇంతకన్నా నిదానంగా, 22 అంగుళాలకు ఒకటిగా ఉండేది.

పోటీలో 200 మీటర్ల వద్ద కోళ్ళు, 300 వద్ద పందులు, 385 వద్ద టర్కీలు, 500 వద్ద పొట్టేళ్ళు ఉంటాయి. కోళ్ళను ఏ ఆసరా లేకుండా నిలబడి కాల్చాలి. తక్కినవాటిని కూర్చునో, పడుకునో, అడ్డంగా కలిపిన రెండు కర్రలపై బారెల్ ఆనించి కాల్చవచ్చు. టెలిస్కోపు లేని రైఫిల్ బరువు 12 పౌండ్ల 2 ఔన్సులు మించరాదు. ఈ బుల్లెట్ నోటి దగ్గర సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో బయలుదేరి, పొట్టేలును చేరడానికి ఒకటిన్నర సెకన్లకు పైగా తీసుకుంటుంది. అంత సేపు గాలికి లోనవుతుంది కనుక మందు తూకంలో పదోవంతు గ్రెయిన్ తేడా గురించి మధనపడే సమయాన్ని గాలిని చదవడం నేర్చుకోవడానికి కేటాయించడం మేలని నా గట్టి అభిప్రాయం. పక్కన స్పాటర్‌ను (బుల్లెట్ ఎక్కడ తగిలిందో చూసి చెప్పే సహాయకుణ్ణి) ఉంచుకోవడానికి నియమాలు అనుమతిస్తాయి. మంచి స్పాటర్ దొరికితే కొత్తవారు చాలా త్వరగా ఎదుగుతారు. వెనుక వెర్నియర్ సైట్ (ఎత్తును సన్నగా సర్దుకోగల సైట్), ముందు రైఫిల్ ఒరుగును చూపే చిన్న నీటిమట్టం (లెవెల్) ఉన్న గ్లోబ్ సైట్ (గుండ్రని గొట్టం లోపల గురి గుర్తు ఉండేది) తీసుకోండి. ఇంత వంపుగా సాగే దారిలో రైఫిల్ ఏ కొంచెం పక్కకు ఒరిగినా 500 మీటర్ల వద్ద బుల్లెట్ పక్కకు తప్పిపోతుంది.

బుల్లెట్ల పోత విషయంలో తొందరపడవద్దు. 20 పాళ్ళ సీసానికి 1 పాలు తగరం కలిపి, బ్లాక్ పౌడర్ లూబ్ నింపిన బుల్లెట్లను మొదట కొనుక్కోండి. రైఫిల్ స్వభావం తెలిశాక అచ్చు కొనడం మంచిది, ఎందుకంటే మీ చాంబర్‌కు ఏ ఆకారం నచ్చుతుందో అప్పటికి కానీ తెలియదు.

నిబంధన

మన పాఠకులలో చాలామంది అమెరికాలో వీసాలపై ఉంటారు కనుక ఈ మాట ముందే చెప్పడం అవసరం. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవారు తుపాకీని గానీ, తూటాలను గానీ కలిగి ఉండటం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. హెచ్1బీ, ఎఫ్1 వీసాలపై ఉన్నవారు స్నేహితుని రైఫిల్‌ను చేతిలోకి తీసుకునే ముందే న్యాయవాదిని సంప్రదించాలి, ఎందుకంటే ఇక్కడ తెలియక చేశామన్న సమాధానం వలస హోదాకే ముప్పు తేగలదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి సమాఖ్య లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి నింపాలంటే మాత్రం లైసెన్సు కావాలి.

తొలిగురి

అందరికీ కృతజ్ఞతలు. నాకు గ్రీన్ కార్డు ఉంది కనుక ఆ ఇబ్బంది లేదు, అయినా రాష్ట్ర చట్టాన్ని సరిచూసుకుంటాను. .45-70 అని నిర్ణయించుకున్నాను. మందును అదమడం, బారెల్ తుడవడం గురించిన సందేహం మాత్రం ఇంకా పూర్తిగా తీరలేదు. సీసం-తగరం గారూ, కొత్తవారు ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరా?

సీసం-తగరం

అదమడం మందు రకాన్ని బట్టి ఉంటుంది. గోయెక్స్ బ్రాండు వంటి మందుకు కొంత ఒత్తిడి ఇస్తే సమంగా కాలి, మసి తగ్గుతుంది. స్విస్ అనే బ్రాండు మందు పలుకులు మరింత సాంద్రంగా ఉంటాయి కనుక దానికి స్వల్పమైన ఒత్తిడి చాలు, ఎక్కువ అదిమితే గురి పాడవుతుందని చాలామంది అనుభవం. అదమమన్నవారు ఒక మందు గురించి, వద్దన్నవారు మరొక మందు గురించి మాట్లాడి ఉంటారు. మీరు ఒకే తయారీదారు మందును, ఒకే పలుకు పరిమాణాన్ని ఎంచుకోండి. .45-70కి ఎఫ్‌ఎఫ్‌జీ గానీ, ఒకటిన్నర ఎఫ్‌జీ గానీ (ఇవి పలుకు పరిమాణాల పేర్లు) సరిపోతుంది. వాడ్ బుల్లెట్ అడుగును సరిగ్గా తాకేంత మందుతో మొదలుపెట్టి, మందును కొద్దికొద్దిగా పెంచుతూ అదే స్థాయికి అదిమి, 100 గజాల వద్ద గుంపులను (వరుసగా కాల్చిన బుల్లెట్లు తగిలిన చోట్లు ఎంత దగ్గరగా ఉన్నాయో) పోల్చుకోండి. ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చాలి. ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించేది), వాడ్, లూబ్ అన్నీ కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తేలదు.

తుడవడానికి, ఊదడానికి మధ్య తేడా కూడా మసితో ముడిపడినదే. తడి గుడ్డతో, ఆపై పొడి గుడ్డతో తుడిస్తే ప్రతి షాట్‌కు బారెల్ ఒకే స్థితికి వస్తుంది. దీనికి సమయం పడుతుంది, కాని కొత్తవారు తమ తూటా అసలు సామర్థ్యాన్ని తెలుసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన మార్గం లేదు. ఊదడమంటే యాక్షన్ (తూటా పెట్టే వెనుక భాగం) తెరిచి, ఖాళీ కేసు తీసేసి, వెనుక వైపు నుంచి గొట్టం పెట్టి, ఊపిరిలోని చెమ్మతో మసిని మెత్తబరచడం. పోటీలో వేగంగా కాల్చడానికి అది అనువైనది, కాని గాలిలో తేమను బట్టి ఊపిరుల సంఖ్య మారుతుంది. ఎడారి ప్రాంతపు పొడి ఎండలో ఎక్కువసార్లు ఊదినా చాలకపోవచ్చు. బారెల్ నోటి దగ్గర చిన్న నక్షత్రంలా చెమ్మగల లూబ్ చిహ్నం కనిపిస్తే లూబ్ చివరి వరకు అందుతోందని అర్థం. తేనెమైనం, జంతువుల కొవ్వుతో చేసిన లూబ్‌ను వాడండి. చాలా పెట్రోలియం గ్రీజులు మసితో కలిసి తారులా గట్టిపడతాయి.

ఏ పద్ధతి మేలన్న వాదన ఈ రైఫిళ్ళ విషయంలో కొత్తది కాదు. 1874లో న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మూర్‌లో ఐర్లండ్ జట్టు నోటి నుంచి మందు నింపే రిగ్బీ రైఫిళ్ళతోనూ, అమెరికా జట్టు వెనుక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళతోనూ 800, 900, 1,000 గజాల వద్ద తలపడ్డాయి. అమెరికా 934-931 తేడాతో గెలిచింది. ఇంత సన్నని తేడాతో తేలిన పోటీని చూసి ఏ పద్ధతీ అసలే పనికిరాదని ఎవరూ అనలేరు.

చివరగా ఒక పని మరువవద్దు. కాల్చిన కేసులను ఆ రోజే సబ్బు నీటిలో వేయండి. మసి తేమను పీల్చుకుని ఇత్తడిని తినేస్తుంది. బారెల్‌ను కూడా నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పూయండి. మర్నాడు మరొకసారి పొడిగుడ్డ దూర్చి తుప్పు మచ్చలేమైనా వచ్చాయేమో చూడండి. తిరిగి నింపేముందు కేసుల లోపల తడి ఏమాత్రం లేదని నిర్ధారించుకోండి. మొదటి గుంపుల ఫలితాలను మందు, అదమడం, వాతావరణం వివరాలతో ఇక్కడ రాస్తే తరువాత ఏది మార్చాలో కలిసి ఆలోచిద్దాం.