పాత ఇంటి గోడకు సిమెంటా, సున్నమా?

ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలం నాటి ఇల్లు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సలహా చెప్పండి. రెడింగ్‌లో 1890ల నాటి టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిపి వరుసగా కట్టినది) ఒకటి మాకు తెగ నచ్చేసింది. ఎత్తైన సీలింగ్, దాని మధ్యలో ప్లాస్టర్ పూల చక్రం, వీధివైపు ముందుకు పొడుచుకొచ్చిన బే విండో, గుమ్మం దాటగానే రంగురంగుల పలకలు పరిచిన నేల. కొత్త ఇళ్లలో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? మా ఆవిడైతే ఆ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

టెన్షన్ అంతా ముందుగది గోడ గురించే. కింద మూరెడు ఎత్తున చెమ్మ పట్టి రంగు పొరలుగా లేస్తోంది. 9 అంగుళాల ఇటుక గోడ, మధ్యలో ఖాళీ లేదు. అప్పట్లో సున్నంతో కట్టినదానికి బయటివైపు ఇటుకల మధ్య సందుల్లో ఎవరో సిమెంటు పూశారు. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయిందని నా అనుమానం. చెక్క నేల కిందికి గాలి వెళ్లే చిల్లుల ఇటుకలు కూడా సగం మట్టిలో పూడిపోయాయి. గోడ చూసిన కాంట్రాక్టర్ మాత్రం చెమ్మ పైకి ఎక్కకుండా గోడకు కెమికల్ ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందంటున్నాడు.

సిమెంటు తీయించి మళ్లీ సున్నం పెట్టించినవాళ్లున్నారా? చెమ్మ నిజంగా తగ్గిందా, గోడ ఆరడానికి ఎన్నాళ్లు పట్టింది? పైకీ కిందికీ జరిపే ఆ చెక్క సాష్ కిటికీలను మార్చకుండానే చలిగాలి ఆపే ఉపాయం ఉంటే అదీ చెప్పండి.